బరువు మోసే కాలికి బరువే మందు

మా ఊళ్లో ఒంట్లో నొప్పి పుట్టే ప్రతిదీ నరమే. మెడ తిరగకపోతే నరం పట్టింది అంటారు. నడుము వంగకపోతే నరం గుంజింది అంటారు. పిక్క కింది నుంచి మడిమ దాకా దిగే లావుపాటి పట్టీ నొస్తే అదీ నరమే. ఇంగ్లిష్ మీడియంలో చదువుకున్న నాకు మాత్రం నర్వ్ వేరు, టెండన్ వేరు. నర్వ్ కరెంటు వైరు లాంటిది, కబురు మోస్తుంది. టెండన్ మోకు లాంటిది, బరువు మోస్తుంది. కండ లాగిన లాగుడును ఎముక దాకా చేర్చేది అదే. వైరు పాడైనప్పుడు చేసే రిపేరు, మోకు పాడైనప్పుడు చేసే రిపేరు ఒకటి కావు. ఈ చిన్న తేడా మా ఇంట్లో అందరికీ అర్థమయ్యేసరికి ఏడాది పైనే పట్టింది. ఈ వ్యాసం ఆ ఏడాది గురించి.

మాది డోంగ్లి. కామారెడ్డి జిల్లా, బాన్సువాడ డివిజన్. ఇదివరకు మద్నూర్ మండలంలో ఉండేది, ఇప్పుడు మాదే మండల కేంద్రం. మహారాష్ట్ర సరిహద్దు పక్కనే. అందుకే మా ఊరి మాటల్లో తెలుగెంతో మరాఠీ అంత. నల్లరేగడి నేల. పత్తి, సోయా, కంది, శనగ. ఈ పంటలన్నీ సంచుల్లోకి ఎక్కుతాయి, సంచులు లారీల్లోకి ఎక్కుతాయి. మధ్యలో వాటిని ఎక్కించేవాళ్లు కొందరుంటారు. మా బాపు ఆ కొందరిలో ఒకడు. ఇరవై రెండేళ్లుగా హమాలీ.

హమాలీకి వీపు, భుజం నొస్తాయని అందరూ అనుకుంటారు. నిజానికి అందరికన్నా ఎక్కువ పని చేసేది పిక్క. లారీకి ఆనించిన చెక్క పలక మీద సంచి ఎత్తుకుని పైకి నడిచేటప్పుడు మడిమ కిందికి దిగి, ముందు పాదం మీద ఒళ్లంతా లేస్తుంది. డీఏపీ సంచి 50 కిలోలు, యూరియా సంచి 45. మనిషి ఒక్కడే మోసే బరువు 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. బాగానే ఉంది కానీ, ఒక సంచి ఎంతుండాలో అందులో ఉంది, అట్లాంటివి రోజుకు ఎన్ని అన్నదే అసలు ప్రశ్న. ఎరువుల సీజన్‌లో బాపు ఆ పలక ఎన్నిసార్లు ఎక్కుతాడో లెక్క బాపు దగ్గర కూడా ఉండదు.

ముందు నొప్పి పొద్దున మాత్రమే ఉండేది. మంచం దిగి పది అడుగులు కుంటేవాడు, తర్వాత మామూలే. పనిలో పడితే ఇంకా బాగుండేది. "గరమైతే పోతది" అనేవాడు. రాత్రికి మళ్లీ పట్టేసేది. కొన్ని నెలలకు ఆ పది అడుగులు వాకిలి దాకా అయ్యాయి. తర్వాత పలక ఎక్కేటప్పుడు కూడా రావడం మొదలైంది. మడిమకు నాలుగు వేళ్ల పైన, ఆ మోకు మధ్యలో, ఒక గట్టి ఉబ్బు. రెండు వేళ్లతో నొక్కితే బాపు మొహం మారిపోయేది.

మేం చేయనిది లేదు. బామ్ రాశాం. ఇటుక కాల్చి కాపడం పెట్టాం. దెగ్లూరు పోయి గోలీలు తెచ్చుకున్నాం. ఒక చోట సూది మందు కూడా వేశారు. మూడు వారాలు నొప్పి మాయమైంది. బాపు సంబరంగా మళ్లీ పలక ఎక్కాడు. నాలుగో వారం నొప్పి ముందుకన్నా గట్టిగా తిరిగొచ్చింది. ఇంకో చోట, "లాభం లేదు, ఆపరేషనే" అన్నారు. ఆపరేషన్ అంటే నెలల తరబడి పని ఉండదు. హమాలీలది గుంపు లెక్క. పదకొండు మంది కలిసి ఎత్తిన దానికి వచ్చిన పైసలు పదకొండు భాగాలు చేసుకుంటారు. ఎత్తనివాడికి భాగం లేదు. మా ఇంట్లో ఆ రాత్రి ఎవ్వరూ ఎక్కువ మాట్లాడలేదు. అమ్మ మాత్రం ఒక్క మాట అంది: "సదువు మాత్రం ఆగొద్దు." అది నాకు చెప్పిందో బాపుకు చెప్పిందో ఇద్దరికీ తెలిసింది.

ఆ తర్వాత నేను హాస్టల్‌కు వచ్చి చదవడం మొదలుపెట్టాను. కంప్యూటర్ సైన్స్ వాళ్లకు మెడిసిన్ ఎందుకు అనొచ్చు. ప్రోగ్రాం ఎందుకు ఆగిపోయిందో తెలియకుండా లైన్లు మార్చుకుంటూ పోతే ఏమవుతుందో మాకు ఫస్టియర్‌లోనే నేర్పుతారు. బాపు కాలి విషయంలో మేం చేస్తున్నది అదే.

మొదట తెలిసిందేంటంటే, ఈ నొప్పికి పెట్టిన పాత పేరే దారి తప్పించేది. టెండినైటిస్ అనేవారు. ఐటిస్ అంటే వాపు, మంట. కానీ ఏళ్లుగా నొచ్చే టెండన్‌ను ఆపరేషన్‌లో తీసి మైక్రోస్కోప్ కింద పెడితే మామూలు వాపులో కనిపించే కణాలు పెద్దగా కనబడలేదు. కనబడింది వేరే. వరుసగా ఉండాల్సిన కొలాజెన్ పోగులు చిందరవందరగా ఉన్నాయి, మధ్యలో ఉండకూడని సన్న రక్తనాళాలు పుట్టుకొచ్చాయి. పురి విప్పుకున్న మోకు అన్నమాట. అందుకే ఇప్పుడు టెండినోపతీ అంటున్నారు. మంట ఆర్పే గోలీ నొప్పిని కాసేపు మరిపిస్తుంది కానీ మోకుకు పురి పెట్టలేదు. స్టిరాయిడ్ సూది కూడా అంతే. పైగా బరువు మోసే మడిమ టెండన్‌కు ఆ సూది వేస్తే తెగే ప్రమాదం ఉందని డాక్టర్లు జాగ్రత్త పడతారు.

ఇంకోటి మా ఊళ్లాంటి ఊళ్లలో అందరికీ తెలియాల్సింది. సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ టెండన్లను దెబ్బతీయొచ్చు, ఒక్కోసారి తెగేలా కూడా చేయొచ్చు. 2008లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ వాటి మీద నల్లపెట్టె హెచ్చరిక వేయించింది. మడిమ నొప్పి ఉన్నవాళ్లు జ్వరానికో విరేచనాలకో మందు రాయించుకునేటప్పుడు ఆ నొప్పి సంగతి కూడా డాక్టర్‌కు చెప్పాలి.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది డెన్మార్క్ వాళ్లు 2013లో ప్రచురించిన ఒక అధ్యయనం. 1955 నుంచి 1963 దాకా గాల్లో పేల్చిన అణుబాంబుల వల్ల వాతావరణంలో కార్బన్-14 బాగా పెరిగి, తర్వాత నెమ్మదిగా తగ్గింది. ఏ కాలంలో తయారైన కణజాలంలో ఆ కాలపు కార్బన్ గుర్తు ఉండిపోతుంది. దాన్ని బట్టి మడిమ టెండన్ నడి భాగాన్ని కొలిస్తే, అది మనిషి ఎత్తు పెరిగే వయసులో, అంటే దాదాపు పదిహేడేళ్ల లోపు తయారై, ఆ తర్వాత దాదాపు మారదని తేలింది. కండ మారుతుంది, చర్మం మారుతుంది, ఈ మోకు నడి భాగం మాత్రం పాతదే. బాపు ఇరవై రెండేళ్లుగా సంచులు మోస్తున్నది పదిహేడేళ్ల పిల్లవాడిగా ఉన్నప్పుడు పేనిన మోకుతో. నాకు పందొమ్మిది. అంటే నాదీ తయారైపోయింది.

అయితే మరి బాగు చేసుకునే దారే లేదా? ఉంది. నడి భాగం మారకపోయినా టెండన్ బతికే ఉంటుంది. దానిలోని కణాలు లాగుడును గుర్తిస్తాయి. సరిగ్గా లాగితే టెండన్ మొత్తంగా బిరుసెక్కుతుంది, బరువుకు అలవాటు పడుతుంది. మరీ లాగితే పోగులు విప్పుకుంటాయి. అసలు లాగకపోతే బలహీనపడుతుంది. పూర్తి విశ్రాంతి మందు కాకపోవడానికి కారణం ఇదే.

సంక్రాంతి సెలవుల్లో బాపును నిజామాబాద్‌లో ఒక ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి తీసుకెళ్లాను. మేడం ముందు బాపును బోర్లా పడుకోబెట్టి పిక్క పిసికింది. పాదం కదిలింది. "తెగలేదు" అంది. నొప్పి మడిమ ఎముకకు అతుక్కునే చోట కాదని, మోకు మధ్యలోనే అని వేలితో చూసింది. ఆ రెండిటికీ వ్యాయామం తేడా ఉంటుందట. తర్వాత ఒంటికాలి మీద మడిమ లేపమంది. కుడికాలి మీద ఇరవై అయ్యాయి. ఎడమకాలి మీద ఆరు. ఇరవై రెండేళ్లు బరువులు మోసిన మనిషి ఆరుకు ఆగిపోయాడు.

మేడం చెప్పిన మందు విని బాపు నా వైపు చూశాడు.

"దినమంత మోస్తనే ఉన్న గద మేడం, ఇంక ఇంట్ల గూడ మొయ్యాల్నా?"

ఈ ప్రశ్న నాకూ వచ్చింది. ఆమె కోప్పడలేదు. "నువ్వు మోసేది పని. నేను చెప్పేది మోతాదు" అంది. బాపు మూట ఎత్తేటప్పుడు వేగంగా, అలసిన కాలితో, నొచ్చే కాలిని తప్పించి మంచి కాలి మీద ఆనుతూ ఎక్కుతాడు. గట్టిగా లాగిన తర్వాత టెండన్‌లో మొదటి ఒకటి ఒకటిన్నర రోజు కొలాజెన్ తయారయ్యే దానికన్నా పోయేదే ఎక్కువ. ఆ తర్వాతే లాభంలోకి వస్తుంది. రోజూ పలక ఎక్కేవాడికి ఆ లాభం వచ్చే రోజే రాదు. ఫైల్ సేవ్ కాకముందే మళ్లీ మళ్లీ మార్చేస్తున్నట్టు.

మోతాదు ఇదీ. ఇంటి మెట్టు అంచున ముందు పాదం ఆనించి, మూడు లెక్కపెడుతూ మడిమ పైకి, మూడు లెక్కపెడుతూ కిందికి. పదిహేనేసి చొప్పున మూడు దఫాలు. వారానికి మూడు రోజులు, రోజు మార్చి రోజు. తేలికైన కొద్దీ వీపు మీద బరువు పెంచి, లెక్క తగ్గించాలి. పన్నెండు వారాలు. నొప్పి వస్తే ఆపొద్దు. పదికి ఐదు దాకా రానియ్యొచ్చు, కానీ తెల్లారేసరికి మామూలుకు రావాలి. రాకపోతే బరువు తగ్గించాలి.

ఈ పద్ధతి వెనక ఒక కథ చెప్పుకుంటారు. స్వీడన్‌లో హాకన్ ఆల్ఫ్రెడ్‌సన్ అనే ఎముకల డాక్టర్‌కు తనకే మడిమ నొప్పి వచ్చింది. ఆపరేషన్ చేయమంటే, నొప్పికి ఆపరేషన్ ఏంటి, తెగితే చూద్దాం అన్నాడట పైఅధికారి. అయితే తెంపేసుకుంటా అని ఈయన నొప్పి వస్తున్నా మడిమను మెట్టు కిందికి దింపుతూ పోయాడు. తెగలేదు సరికదా నొప్పి పోయింది. 1998లో పదిహేను మంది పరుగు అలవాటున్నవాళ్ల మీద ఆ పద్ధతిని ప్రయత్నించి ప్రచురించాడు. వాళ్లు రోజుకు రెండు పూటలా, పన్నెండు వారాలు చేశారు. అందరూ మళ్లీ పరుగుకు వెళ్లారు. 2015లో డెన్మార్క్ వాళ్లు, వారానికి మూడు రోజులు నెమ్మదిగా ఎక్కువ బరువుతో చేసినా దాదాపు అంతే ఫలితం వస్తుందని చూపించారు. బాపుకు ఈ రెండోదే కుదిరింది.

ఇక మిషన్ సంగతి. షాక్‌వేవ్ అంటే బాపు కరెంటు షాక్ అనుకుని చెప్పులు వేసుకోబోయాడు. కరెంటు కాదు, ఒత్తిడి అల. 1980 ఫిబ్రవరిలో జర్మనీలోని మ్యూనిక్‌లో మొదటిసారి కిడ్నీ రాళ్లు కోత లేకుండా పగలగొట్టింది ఇలాంటి అలలతోనే. ఆ యంత్రం చేసిన డోర్నియర్ అసలు విమానాల కంపెనీ. వేగంగా పోయే విమానానికి వాన చుక్కలు తగిలితే లోహం ఎందుకు దెబ్బతింటుందో చూస్తూ ఈ అలల మీద పడ్డారు. టెండన్‌కు వాడేది దానికన్నా చాలా తక్కువ బలం. నిజామాబాద్‌లో చూసిన రకంలో గాలి ఒత్తిడితో ఒక చిన్న లోహపు ముక్క గొట్టంలో ముందుకు దూసుకొచ్చి చివరి మూతిని కొడుతుంది. ఆ దెబ్బ చర్మం గుండా లోపలికి పోతుంది. సెకనుకు ఎనిమిది చొప్పున రెండు వేల దెబ్బలు. భాగించి చూస్తే నాలుగు నిమిషాల పది సెకన్లు. వారానికి ఒకటి చొప్పున మూడు సార్లు.

ఒక్కో సారికి అయ్యేది బాపు రెండు రోజుల కూలీ. బస్సు చార్జీ వేరు, పోయిన రోజు పని వేరు. అందుకే ఊరికే తల ఊపకుండా లెక్క చూశాను. జర్మనీ డాక్టర్ రోంపె బృందం 2007లో డెబ్బై ఐదు మందిని మూడు భాగాలు చేసింది. ఏమీ చేయకుండా వేచి చూసిన 25 మందిలో నాలుగు నెలలకు బాగైంది ఆరుగురికి. మిషన్ ఒక్కటే పెట్టించుకున్న 25 మందిలో పదమూడు మందికి. మడిమ వ్యాయామం ఒక్కటే చేసిన 25 మందిలో పదిహేను మందికి. అదే బృందం 2009లో వ్యాయామం ఒక్కటీ, వ్యాయామంతో పాటు మిషనూ పోల్చింది. మొదటి 34 మందిలో 19 మందికి, రెండో 34 మందిలో 28 మందికి బాగైంది. 56 శాతం, 82 శాతం. చిన్న అధ్యయనాలే. బ్రిటన్‌లో చికిత్సలను బేరీజు వేసే నైస్ అనే సంస్థ 2016లో, ఈ చికిత్సతో పెద్ద ప్రమాదం లేదు కానీ పనితీరుకు రుజువులు నిలకడగా లేవు అని రాసింది. గర్భిణులకు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు దీన్ని సాధారణంగా పెట్టరు.

నాకు అర్థమైంది ఇది: మిషన్ తోడు, వ్యాయామం దారి. తోడు లేకుండా దారి నడవొచ్చు. ఇదే బాపుతో చెప్పాను. "తొమ్మిది మంది ఎక్కువ బాగైన్రు కద. మూడు సార్లు పెట్టిద్దాం తీ" అన్నాడు. 28లోంచి 19 నాకన్నా ముందే తీసేశాడు.

మిషన్ పెట్టినప్పుడు బాపు పళ్లు కొరుక్కున్నాడు. మొదటి రెండు నిమిషాలు పదికి ఏడన్నాడు, తర్వాత నాలుగన్నాడు. అయిపోగానే లేచి నడిచి, "మొద్దుబారింది" అన్నాడు. ఆ రోజు నొప్పి తగ్గినట్టు అనిపించినా బరువు ఎత్తొద్దని మేడం రెండుసార్లు చెప్పింది.

కష్టమైంది మిషన్ కాదు, పన్నెండు వారాలు పలక ఎక్కకుండా ఉండటం. మేస్త్రీని అడగడానికి బాపు నాలుగు రోజులు తిరిగాడు. చివరికి సంచుల మూతులు కుట్టడం, కాంటా దగ్గర సర్దడం ఇచ్చారు. భాగం సగమే. ఆ సగం ఇంట్లో ఏం తగ్గించిందో అమ్మకు తెలుసు. శనగ కోతలకు రోజూ కూలికి పోయింది.

బాపు ఎలా ఉన్నాడో ఫోన్‌లో "బాగనే ఉన్న" అన్న జవాబుతో తెలియదు. ఏది అడిగినా అదే జవాబు. మడిమ టెండన్ కోసమే 2001లో ఆస్ట్రేలియా వాళ్లు చేసిన ఎనిమిది ప్రశ్నల పత్రం ఉంది. పేరు వీసా-ఏ. మొత్తం వంద మార్కులు. "వీసా ఎందుకు బిడ్డా, నన్ను ఏడికి పంపుతవ్?" అన్నాడు బాపు. దాన్ని నేను తెలుగు చేశాను. పొద్దున బిగువు ఎన్ని నిమిషాలు ఉంటుంది, మెట్లు దిగితే నొస్తుందా, ఒంటికాలి మీద ఎన్ని గెంతులు వేయగలవు? ఇంతవరకు బాగానే వచ్చింది. చివరి రెండు ప్రశ్నలు ఆటల గురించి. ఇప్పుడు ఆట ఆడుతున్నావా, ఎంతసేపు ప్రాక్టీస్ చేయగలుగుతున్నావు? బాపు ఆడేది ఏముంది? అక్కడ "ఆట" తీసేసి "మూటలు" అని పెట్టాను. పరిశోధకులు ఒప్పుకోరేమో కానీ మా ఇంటికి అదే సరైన అనువాదం.

మొదటి రోజు 36. నా పాత స్కూల్ బ్యాగులో అయిదు కిలోల సోయా గింజలు పోసి వీపుకు తగిలించాం. ఊళ్లో నవ్వారు. ఇన్నేళ్లకు బడికి పోతున్నావా అని ఒకాయన మరాఠీలో అడిగాడట. బాపు క్యాలెండర్ మీద పెన్సిల్‌తో గీతలు పెట్టేవాడు, చేసిన రోజుకు నిలువు గీత, చేయని రోజుకు సున్నా. నాలుగో వారం 45. ఐదో వారంలో రాత్రి ఒక లారీ వచ్చింది. మనుషులు తక్కువయ్యారు. బాపు ఎక్కాడు. మూడు రోజులు మళ్లీ వాకిలి దాకా కుంటాడు. నేను ఫోన్‌లో ఏమీ అనలేదు. ఆ లారీ పైసలే నా పరీక్ష ఫీజు అని నాకు తెలుసు. బ్యాగులోంచి రెండు కిలోలు తీసేశాడు, ఆగలేదు. ఎనిమిదో వారం 61. ఉగాది నాటికి 78. బ్యాగులో పన్నెండు కిలోలు. ఎడమకాలి మీద ఆరు కాస్తా పద్దెనిమిది అయ్యాయి.

వంద కాలేదు. స్కానింగ్ తీస్తే ఆ ఉబ్బు ఇంకా కనబడుతుందేమో, నొప్పి పోయినా బొమ్మ మారడానికి చాలా కాలం పట్టొచ్చని మేడం ముందే చెప్పింది. బాపు ఇప్పుడు పలక ఎక్కుతున్నాడు, రోజు మార్చి రోజు. మిగతా రోజులు కాంటా. వారానికి రెండుసార్లు మెట్టు మీద బ్యాగు. మానేస్తే తిరిగొస్తుందని ఇప్పుడు నేను చెప్పక్కర్లేదు.

ఈ మధ్య ఊరికి వెళ్లినప్పుడు ఇంటికి మనుషులు వస్తున్నారు. మోచెయ్యి నొప్పి, భుజం నొప్పి, మడిమ నొప్పి. అందరూ అడిగేది ఒకటే: "ఆ మిషన్ ఏడుంది? ఎంత తీసుకుంటరు?" మెట్టు గురించి అడిగేవాళ్లు తక్కువ. మిషన్ దగ్గర పడుకుంటే నాలుగు నిమిషాల్లో ఎవరో మన పని చేసి పెడతారు. మెట్టు దగ్గర పన్నెండు వారాలు మనమే నిలబడాలి. పైగా నిలబడటానికి కూలీ పోని రోజులు కావాలి. అవి ఎక్కడ దొరుకుతాయో ఏ పరిశోధనా పత్రంలోనూ లేదు. మా ఇంట్లో అవి అమ్మ చేతుల్లోంచి, పదకొండు మందిలో సగం భాగానికి ఒప్పుకున్న పది మంది దగ్గర్నుంచి వచ్చాయి.

బాపు అందరికీ మిషన్ అడ్రస్ చెప్తాడు. నిజామాబాద్‌లో ఏ బస్సు దిగి ఎటు పోవాలో కూడా చెప్తాడు. తర్వాత, "ముందు ఓసారి గీ మెట్టెక్కు, ఎన్ని లేపుతవో సూద్దాం" అంటాడు. కొందరు నవ్వి వెళ్లిపోతారు. కొందరు చెప్పులు విడుస్తారు.